ఎండోస్కోపీ నార్మల్ అన్నారు, మంట మాత్రం పోలేదు. ఇప్పుడు ఎన్‌బీఐ చేయించుకోమంటున్నారు, ఉపయోగం ఉంటుందా?

గుణుపురం టైలర్

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు, జూన్ వచ్చిందంటే బడి యూనిఫారాలు. వయసు 47. సిగరెట్ లేదు, మందు లేదు. టీ ఉంది, అది దాచను, రోజుకి ఆరేడు అవుతాయి.

మూడేళ్ళుగా ఛాతీ ఎముక వెనకాల మంట. కింద నుంచి పైకి పాకుతుంది, ఒక్కోసారి గొంతులోకి పుల్లటి నీళ్ళు వచ్చేస్తాయి. మిషన్ మీద వంగితే మరీ ఎక్కువ. మధ్యాహ్నం తిని వచ్చి హుక్కులు కుట్టడానికి తల దించానంటే చాలు, తిన్న పులుసు మళ్ళీ పలకరిస్తుంది. పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రి పన్నెండింటికి షాపు కట్టేసి, ఇంటికొచ్చి తిని, చెయ్యి తడి ఆరకముందే పడుకుంటాను. మూడింటికి దగ్గుతో లేచి కూర్చుంటాను.

మొదట గుండె ఏమోనని భయపడి ఈసీజీ తీయించాం, ఇంకేవో పరీక్షలు కూడా చేశారు. గుండె బాగానే ఉందన్నారు. ప్యాంటాప్రజోల్ 40 రాశారు. వేసుకుంటే ముప్పాతిక వంతు తగ్గేది, మానేస్తే నాలుగో రోజుకి మళ్ళీ మొదలు. రాసిన నెల అయిపోయాక కూడా నేనే కొనుక్కుని వేసుకుంటూ వచ్చాను. మందుల షాపు కుర్రాడు ఇప్పుడు నన్ను దూరం నుంచి చూడగానే రెండు స్ట్రిప్పులు కవర్లో వేసి ఉంచుతున్నాడు.

పోయిన సంక్రాంతికి ముందు ఒక చోట ఎండోస్కోపీ చేయించాను. ఆస్పత్రి పేరు ఎందుకులెండి. లోపలికి పిలిచిన దగ్గర్నుంచి బయటికి పంపేదాకా పది నిమిషాలు కూడా పట్టలేదు. రిపోర్టులో మూడే లైన్లు. అన్నవాహిక నార్మల్. కడుపులో మైల్డ్ యాంట్రల్ గ్యాస్ట్రైటిస్, అంటే కడుపు కింది భాగంలో కొంచెం వాపట. డ్యూడినమ్, అంటే చిన్నపేగు మొదలు, నార్మల్. కింద రెండు ఫొటోలు, రెండింట్లోనూ నాకు నురగే కనిపించింది. 'ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి' అన్నారు.

ఆ 'నార్మల్' అన్న మాట మా ఇంట్లో నా మంట విలువ తీసేసింది. ఇప్పుడు నేను గుండె మీద చెయ్యి పెట్టుకుంటే మా ఆవిడ 'డాక్టరే ఏం లేదన్నాడు కదా' అంటుంది.

పోయిన వారం మా మరదలు గాజువాక నుంచి ఫోన్ చేసి అక్కడ ఒక గ్యాస్ట్రో డాక్టరుకి చూపించమంది. వెళ్ళాను. ఆయన అంతా విని, మళ్ళీ ఎండోస్కోపీ చేద్దాం, ఈసారి ఎన్‌బీఐ ఉన్న మిషన్‌తో చూద్దాం అన్నారు. అది లోపల సన్న రక్తనాళాలు కూడా చూపిస్తుందట. నేను తల ఊపేసి వచ్చాను. వెనకాల ఇరవై మంది కూర్చుని ఉంటే ఏం అడుగుతాం?

నా డౌట్లు ఇవీ. మొదటిది తప్పు చేశారా? ఈ ఎన్‌బీఐ అన్నది నిజంగా వేరే పరీక్షా, లేక పేరు మార్చి మళ్ళీ డబ్బులు తీసుకోవడమా? దాంట్లో కూడా నార్మల్ వస్తే నాది ఉత్త అనుమానమేనా? గుణుపురం నుంచి విశాఖ అంటే నౌపడ మీదుగా రైల్లో పోను ఒక పూట, రాను ఒక పూట. పైగా షాపు మూత. అందుకని ముందే తెలుసుకుని వెళ్దామని అడుగుతున్నాను.

నాగావళి ఒడ్డు

తమ్ముడూ, ఈ గొట్టాలు, ఫొటోలు అన్నీ వాళ్ళ వ్యాపారం. నాకూ ఇరవై ఏళ్ళు ఉండేది. పొద్దున్నే జీలకర్ర కాచిన నీళ్ళు, మధ్యాహ్నం పఖాళ్, అంటే మన చద్దన్నమే, ఉల్లిపాయ నంజుకుని తిను. సాయంత్రం గుప్‌చుప్ (పానీపూరి) మానెయ్యి. నెలలో పోతుంది. టీ మానకుండా ఎన్ని లైట్లు వేసి చూసినా ఒకటే.

స్కోప్ రూమ్ సిస్టర్

నాగావళి బాబాయ్ గారూ, గుప్‌చుప్ విషయంలో మీతో ఒప్పుకుంటాను. మిగతా దాంట్లో కొంచెం చెప్పనివ్వండి. మాది పర్లాకిమిడి. విశాఖలో ఎండోస్కోపీ గదిలోనే తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను, కానీ డాక్టరు గారి పక్కన నిలబడి అదే స్క్రీన్ రోజూ చూస్తాను.

టైలర్ అన్నయ్యా, ఎన్‌బీఐ అంటే వేరే గొట్టం కాదు. అదే గొట్టం. డాక్టరు గారి చేతిలో ఉన్న పిడి మీద ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే వెలుగు మారుతుంది, అంతే. మామూలుగా తెల్లటి వెలుగుతో చూస్తాం. అందులో అన్ని రంగులూ కలిసి ఉంటాయి. బటన్ నొక్కగానే రెండే రెండు సన్నటి పట్టీల వెలుగు మిగులుతుంది. ఒకటి నీలం, 415 నానోమీటర్ల దగ్గర. రెండోది ఆకుపచ్చ, 540 దగ్గర. ఆ రెండే ఎందుకంటే, రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ సరిగ్గా ఆ వెలుగుల్నే బాగా మింగేస్తుంది. దాంతో రక్తం ఉన్న చోటు ముదురుగా, లేని చోటు లేతగా పడుతుంది. నీలం వెలుగు లోపలి పొర పైపైనే ఆగిపోతుంది కాబట్టి పై పొరలో ఉన్న సన్న నాళాలు గోధుమ రంగులో కనిపిస్తాయి. ఆకుపచ్చది కొంచెం లోతుకి పోతుంది కాబట్టి లోపలి నాళాలు నీలిపచ్చగా కనిపిస్తాయి. నారో బ్యాండ్ ఇమేజింగ్ అంటే ఇదే. ఇది ఒలింపస్ వాళ్ళది. ఫ్యూజీ మిషన్లయితే బీఎల్ఐ, ఎల్‌సీఐ అంటారు, పెంటాక్స్‌లో ఐస్కాన్. పద్ధతుల్లో తేడా ఉన్నా అందరి ఉద్దేశం ఒకటే, కంటికి ఆనని తేడాని ఆనేలా చెయ్యడం.

అన్నవాహికలో ఏం చూస్తారో చెప్తాను. అన్నవాహిక చివర, కడుపు మొదలయ్యే చోట ఒక గీత ఉంటుంది, వంకరటింకరగా. జెడ్ లైన్ అంటాం. తెల్ల వెలుగులో పైన లేత గులాబీ, కింద నారింజ ఎరుపు. బటన్ నొక్కితే పైభాగం లేతగా పచ్చటి ఛాయలోకి, కింది భాగం గోధుమ రంగులోకి మారి, గీత కత్తిరించినట్టు తేలుతుంది. ఆ గీతకి పైన, లేత భాగంలో, చిన్న చిన్న గోధుమ చుక్కలు ఉంటాయి. అవి పై పొరలోకి లేచిన కేశనాళికల మలుపులు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి సన్నగా, దూరం దూరంగా ఉంటాయి. రోజూ ఆసిడ్ తగిలేవాళ్ళలో చాలామందికి అవి ఎక్కువవుతాయి, ఉబ్బుతాయి, మెలికలు తిరుగుతాయి. తెల్ల వెలుగులో అదే చోటు నున్నగా నార్మల్‌గా ఉంటుంది. ఒక్కోసారి తెల్ల వెలుగులో జారిపోయిన గుండుసూది మొనంత ఒరుపు, అంటే పై పొర చెక్కుకుపోయిన చోటు, కూడా దీంట్లో పట్టుబడుతుంది.

కానీ ఒక మాట. బటన్ అందరి దగ్గరా ఉండొచ్చు, ఓపిక ఉండదు. సరిగ్గా చూడాలంటే ముందు నురగ పోయేదాకా సిమెథికోన్ కలిపిన నీళ్ళతో కడగాలి. పేషెంట్ని గట్టిగా ఊపిరి తీసుకుని పట్టమనాలి, అప్పుడే ఆ చివరి రెండు మూడు సెంటీమీటర్లు విచ్చుకుంటాయి. దగ్గరగా ఫోకస్ చేసి, ఆగి, ఫొటో ఫ్రీజ్ చెయ్యాలి. మీ రిపోర్టు ఫొటోల్లో నురగే ఉందన్నారంటే, నాకు మిగతా కథ తెలిసినట్టే ఉంది. అలా అని వాళ్ళు తప్పు చేశారని నేను అనను. పెద్ద పుండు, గడ్డ ఉంటే కనిపించేవే.

మీరు తెలుసుకోవలసింది ఇంకోటి. ఆ రోజు ప్యాంటాప్రజోల్ వేసుకుని వెళ్ళారా?

గుణుపురం టైలర్

సిస్టర్ గారూ, చాలా థ్యాంక్స్ అమ్మా. మీరు చెప్పింది నా భాషలో నాకు ఇలా అర్థమైంది. రాత్రి ట్యూబ్ లైట్ కింద నేవీ బ్లూ దారం, నల్ల దారం ఒక్కలాగే ఉంటాయి. నేను కొత్తలో ఒకావిడ నేవీ బ్లూ జాకెట్‌కి నల్ల దారంతో కుట్టి ఇచ్చేశాను, పెళ్ళి మండపంలో ఎండలోకి వచ్చేసరికి కుట్లన్నీ లెక్కపెట్టుకునేలా కనిపించాయట. గుడ్డ అదే, దారం అదే, వెలుగు మారింది. అదేనా?

ఇక మీరు అడిగింది. వేసుకునే వెళ్ళాను. ఆ రోజు పొద్దున్న మానేశాను, ఖాళీ కడుపుతో రమ్మన్నారు కాబట్టి. కానీ దానికి ముందు రోజు వరకూ, అంటే ఏడాది పైనుంచి రోజూ వేసుకుంటూనే ఉన్నాను. మానమని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పొట్ట డాక్టర్, బరంపురం

వ్యవహారం అంతా ఆ ఒక్క జవాబులోనే ఉంది టైలర్ గారూ. ప్యాంటాప్రజోల్ ఆసిడ్ తగ్గిస్తుంది, ఆసిడ్ తగ్గితే ఒరుపులు మానిపోతాయి. ఏడాది రోజూ మాత్ర వేసుకున్న అన్నవాహికని చూసి 'నార్మల్' అంటే, మాత్ర పనిచేసిందని అర్థం కావచ్చు, జబ్బు లేదని కాదు. రిఫ్లక్స్, అంటే కడుపులోని ఆసిడ్ అన్నవాహికలోకి ఎగదన్నడం, ఉందా లేదా తేల్చడానికి చేసే ఎండోస్కోపీ మాత్ర ఆపి 2 నుంచి 4 వారాలు అయ్యాక చేస్తే మేలు. ఆపేది మీ డాక్టరు గారు చెప్పాకే. ఇన్నాళ్ళు వేసుకుని ఒక్కసారి ఆపితే మొదటి వారం, రెండు వారాలు ఆసిడ్ మామూలు కన్నా ఎక్కువ ఊరి మంట పెరగవచ్చు. అది చూసి హడలిపోకండి. మధ్యలో తట్టుకోలేకపోతే యాంటాసిడ్ జెల్ తాగొచ్చు.

మాత్ర వేసుకోకపోయినా చాలామందికి తెల్ల వెలుగులో ఏమీ కనిపించదు, అదీ నిజం. రిఫ్లక్స్ లక్షణాలు ఉన్నవాళ్ళలో సగానికి పైగా ఇలాగే ఉంటారు. అందుకే ఎన్‌బీఐ మీద అంత ఆసక్తి పుట్టింది. సిస్టర్ చెప్పిన కేశనాళికల మార్పుల్ని 2007 నుంచి పరిశోధకులు గట్టిగా చూస్తూనే ఉన్నారు. మార్పులు నిజమే. చిక్కు ఎక్కడంటే, ఒకే ఫొటో ఇద్దరికి చూపిస్తే ఒకరు 'ఉబ్బాయి' అంటారు, ఇంకొకరు 'మామూలే' అంటారు. ఇంత దాటితే జబ్బు అనే గీత ఎవరూ గట్టిగా గీయలేదు. రిఫ్లక్స్ లేనివాళ్ళలో కూడా కొందరికి అలాంటి చుక్కలు కనిపిస్తాయి. అందుకని నా దృష్టిలో ఎన్‌బీఐలో కనిపించింది వాసన లాంటిది. వంటింట్లో ఏదో మాడుతోందని తెలుస్తుంది, ఏ గిన్నో తెలియదు.

మరి దేన్ని సాక్ష్యంగా తీసుకుంటారు? ప్రపంచంలో చాలామంది ఒప్పుకున్న లెక్క ఒకటి ఉంది, లియాన్ కన్సెన్సస్ అంటారు. 2018లో వచ్చింది, 2024లో సవరించిన రెండో రూపం అచ్చయింది. దాని ప్రకారం ఎండోస్కోపీలో ఒరుపుల్ని లాస్ ఏంజెలస్ గ్రేడుల్లో కొలుస్తాం. 5 మిల్లీమీటర్లు దాటని ఒరుపు అయితే ఏ. 5 దాటితే బి. ఒక మడత పైనుంచి పక్క మడత పైకి కలిసిపోతే సి. చుట్టుకొలతలో ముప్పాతిక వంతు లేదా అంతకుమించి పాకితే డి. బి, సి, డి ఉంటే రిఫ్లక్స్ జబ్బు ఖాయం. ఏ ఒక్కటే ఉంటే చాలదు, ఏ బాధా లేనివాళ్ళలోనూ అది కనిపిస్తుంది. కేశనాళికల చుక్కలకి ఆ జాబితాలో చోటు దొరకలేదు.

కాబట్టి మందు ఆపి చేసిన ఎండోస్కోపీలో కూడా గట్టి ఆధారం లేకపోతే తరవాతి మెట్టు పీహెచ్ పరీక్ష, అంటే అన్నవాహికలోకి ఆసిడ్ ఎంతసేపు వస్తోందో కొలవడం. సన్నటి తీగ ముక్కు ద్వారా వేసి 24 గంటలు ఉంచుతారు. లేదా ఎండోస్కోపీతో చిన్న క్యాప్సూల్ని అన్నవాహిక గోడకి అంటిస్తారు, అది 2 నుంచి 4 రోజులు రికార్డు చేసి తర్వాత దానంతట అదే ఊడి కిందికి పోతుంది. పీహెచ్ 4 కన్నా తక్కువ, అంటే ఆసిడ్ తగులుతూ ఉన్న సమయం మొత్తంలో 6 శాతం దాటితే జబ్బు ఉన్నట్టే. 4 శాతం లోపు ఉంటే మామూలు. 24 గంటల్లో 6 శాతం అంటే సుమారు 86 నిమిషాలు. 4కీ 6కీ మధ్యలో పడితే వేరే ఆధారాలు చూస్తాం, అప్పుడు ఎన్‌బీఐ వాసన కూడా కాస్త పనికొస్తుంది.

కాన్‌ఫోకల్ అని ఇంకో మిషన్ గురించి ఎవరైనా చెప్పొచ్చు. వెయ్యి రెట్లు పెద్దది చేసి, నరంలోకి ఫ్లోరెసీన్ రంగు ఎక్కించి, కణాల మధ్య సందులు వెడల్పయ్యాయేమో చూస్తారు. చూడ్డానికి అద్భుతం. మీకు ఇప్పుడు దాంతో పనిలేదు. ఆ రంగు ఎక్కాక మూత్రం పసుపుగా వస్తుందని మాత్రం గుర్తుపెట్టుకోండి, ఎప్పుడైనా చేయించుకుంటే కంగారు పడకుండా ఉంటారు.

ముద్ద దిగకపోవడం, బరువు తగ్గడం, నల్లటి విరేచనం, రక్తహీనత, ఆగని వాంతులు, వీటిలో ఏదైనా ఉంటే చెప్పండి. అప్పుడు రెండు వారాలు ఆగే లెక్క ఉండదు. ముద్ద అడ్డుపడుతుంటే లోపల నార్మల్‌గా కనిపించినా బయాప్సీ తీయమని అడగండి, ఇసినోఫిల్స్ అనే కణాల వల్ల వచ్చే వాపు కంటికి కనిపించకపోవచ్చు.

గుణుపురం టైలర్

డాక్టర్ గారూ, మీరు చెప్పినవి ఏవీ లేవండి. బరువైతే తగ్గడం కాదు, నా ప్యాంటు నడుం నేనే రెండుసార్లు విప్పి పెట్టుకున్నాను.

రాయగడ పేపర్ మిల్లు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నగారికి 61. ఆయన రిపోర్టులో 'బారెట్స్ సి1 ఎం3' అని రాశారు. గూగుల్ చేస్తే కేన్సర్ అని వస్తోంది. రెండు రోజులుగా ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు. మళ్ళీ ఎన్‌బీఐతో చెయ్యాలంటున్నారు. డాక్టర్ గారు కొంచెం చెప్పగలరా?

పొట్ట డాక్టర్, బరంపురం

ముందు అందరూ అన్నం తినండి. బారెట్స్ కేన్సర్ కాదు. ఏళ్ళ తరబడి ఆసిడ్ తగిలి అన్నవాహిక లోపలి పొర పేగు పొరలాంటి దానిగా మారడం. సి1 అంటే చుట్టూ 1 సెంటీమీటర్ మేర మారింది, ఎం3 అంటే అందులోంచి పైకి పాకిన నాలుక 3 సెంటీమీటర్ల దాకా వెళ్ళింది. బయాప్సీలో తేలితేనే ఆ పేరు ఖాయం.

ఎన్‌బీఐ విషయంలో టైలర్ గారికి చెప్పినంత సందేహంగా మీకు చెప్పను. బారెట్స్‌లో దానికి గట్టి పని ఉంది. మారిన పొర మీద గీతలు, నాళాలు ఒక వరసలో ఉన్నాయా, ఎక్కడైనా చెదిరాయా అన్నది ఆ వెలుగులో బాగా తెలుస్తుంది. చెదిరిన చోట నుంచి ముందు ముక్క తీస్తారు. కొందరు పలచటి వెనిగర్ ద్రావణం కూడా చల్లుతారు, పొర తెల్లబడి నమూనా తేలుతుంది. అయినా చూపు మీదే ఆధారపడకుండా, ప్రతి 2 సెంటీమీటర్లకీ నాలుగు వైపులా ముక్కలు తీయడం మామూలు పద్ధతి. కణాల్లో మార్పు లేదని తేలితే మళ్ళీ చూడటం సాధారణంగా 3 నుంచి 5 ఏళ్ళకి. మాత్ర మాత్రం ఆపకండి, టైలర్ గారికి చెప్పింది మీ నాన్నగారికి వర్తించదు.

నాగావళి ఒడ్డు

సరే డాక్టర్ గారూ, నేను జీలకర్ర నీళ్ళు వెనక్కి తీసుకుంటున్నాను. సగం.

స్కోప్ రూమ్ సిస్టర్

అన్నయ్యా, వచ్చే ముందు మర్చిపోవద్దు. పాత రిపోర్టు, ఫొటోలతో సహా తెండి. గొంతులో స్ప్రే కొడతాం, చేదుగా ఉంటుంది, నాలుక మొద్దుబారుతుంది. మింగలేకపోతున్నానని భయపడొద్దు, ఊపిరి ముక్కుతో తీస్తూ ఉంటే చాలు. మత్తు ఇంజెక్షన్ తీసుకుంటే తోడు మనిషి ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు. కత్తెర కూడా పట్టకూడదు, మీకు ప్రత్యేకంగా చెప్తున్నాను. రిపోర్టులో గ్రేడ్ రాశారా, జెడ్ లైన్ ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఉందో రాశారా, హయాటస్ హెర్నియా, అంటే కడుపు పైభాగం ఛాతీలోకి జరగడం, ఉందో లేదో రాశారా, ఈ మూడూ అడిగి తీసుకోండి. ఎన్‌బీఐకి వేరే బిల్లు ఉందా అని ముందే కౌంటర్లో అడగండి, కొన్ని చోట్ల మామూలు ఎండోస్కోపీలోనే చూసేస్తారు.

గుణుపురం టైలర్

నెలన్నర తర్వాత వస్తున్నాను. అడిగి పారిపోయాడనుకుంటారని రాస్తున్నాను.

డాక్టరు గారిని అడిగి మాత్ర ఆపాను. బరంపురం డాక్టరు గారు చెప్పినట్టే మొదటి వారం నరకం. ఐదో రోజు రాత్రి మా ఆవిడే లేచి జెల్ సీసా మూత తీసి ఇచ్చింది. 'డాక్టరే ఏం లేదన్నాడు కదా' అన్న మాట ఆ రాత్రితో ఆగిపోయింది. మూడు వారాల తర్వాత విశాఖ వెళ్ళాను.

మత్తు వద్దన్నాను, చూడాలని. ఎడమ వైపు తిప్పి పడుకోబెట్టారు, పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టారు. స్క్రీన్ నాకు ఓరగా కనిపిస్తోంది. మొదట అంతా తడి తడిగా గులాబీ రంగు గుహ. కడిగారు, కడిగారు, నురగ పోయింది. ఊపిరి పట్టమన్నారు. క్లిక్ మని చిన్న చప్పుడు, గుహ మొత్తం పచ్చగా అయిపోయింది. గీత పైన చుక్కలు. పెన్సిల్ ముల్లుతో పొడిచినట్టు కొన్ని, మెలి తిరిగిన దారం కొసల్లాగా కొన్ని. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, అయినా రెప్ప వేయలేదు. బాబిన్ దగ్గర చిక్కుపడిన దారాన్ని భూతద్దంలో చూసినట్టు ఉంది.

రిపోర్టు: గ్రేడ్ ఏ, ఒకే ఒక్క ఒరుపు, 3 మిల్లీమీటర్లు. చిన్న హయాటస్ హెర్నియా. ఎన్‌బీఐలో కేశనాళికలు ఎక్కువగా, ఉబ్బి ఉన్నాయి. నేను అప్పటికే సంబరపడిపోయాను, దొరికిందని. డాక్టరు గారు మాత్రం 'అనుమానం బలపడింది, ఖాయం కాలేదు' అన్నారు. సరిగ్గా ఇక్కడ చెప్పిన మాటే. మరుసటి రోజు ముక్కులో తీగ వేశారు.

ఆ తీగతో మరదలు ఇంట్లో 24 గంటలు. చెవి వెనకనుంచి తిప్పి చెంపకి ప్లాస్టర్ వేశారు, నడుముకి ట్రాన్సిస్టర్ రేడియో అంత పెట్టె. మంట వస్తే ఒక బటన్, తింటే ఒకటి, పడుకుంటే ఒకటి. రోజూ చేసే పనులే చెయ్యమన్నారు. ఊరికే సోఫాలో కూర్చుంటే నాకేం మంట వస్తుంది? వాళ్ళింట్లో పాత మిషన్ ఒకటి బెడ్‌రూమ్ మూల చీర కప్పుకుని ఉంది. దాన్ని లాగి, నూనె వేసి, బెల్టు బిగించి, మధ్యాహ్నం భోజనం కాగానే కూర్చున్నాను. మరదలికి రెండు జాకెట్లు కుట్టి పెట్టాను. పక్కింటి పిల్లవాడు వచ్చి 'తాతకి ఛార్జింగ్ పెట్టారా' అని అడిగాడు. తాత అన్నందుకు బాధగానే ఉంది.

రిజల్టు 9.1 శాతం. 24 గంటల్లో 131 నిమిషాలు. డాక్టరు గారు గ్రాఫ్ తిప్పి చూపించారు. గీత పైన పైన నడుస్తూ ఒక్కసారిగా బావిలో పడ్డట్టు కిందికి దిగుతుంది, కాసేపు అక్కడే ఉంటుంది, మళ్ళీ ఎక్కుతుంది. రాత్రి రెండున్నర దగ్గర ఒక పెద్ద గొయ్యి. మధ్యాహ్నం వరసగా నాలుగు చిన్నవి.

'మధ్యాహ్నం 2:50కి ఏం చేస్తున్నారు?' అన్నారు.

'చేతులు ఎక్కిస్తున్నానండి.'

'ఎక్కడికి?'

'జాకెట్‌కి.'

ఆయన నవ్వాపుకోలేక పెన్ను కింద పెట్టేశారు.

ఇప్పుడు మాత్ర మళ్ళీ మొదలైంది, కానీ పొద్దున టిఫినుకి అరగంట ముందు. ఇన్నాళ్ళు నేను తిన్న తర్వాత వేసుకునేవాణ్ణి, అది సగం వృథా అట. ఎనిమిది వారాలు చూసి డోసు తగ్గిద్దామన్నారు. పడుకోవడానికి మూడు గంటల ముందే భోజనం. అన్నం గిన్నె షాపుకే వచ్చేస్తోంది, ఎనిమిదింటికి. ఎడమ వైపు తిరిగి పడుకోమన్నారు. బరువు తగ్గమన్నారు. టీ నాలుగుకి దింపాను. నాగావళి అన్నయ్యా, మీ లెక్కలో అది సగం గెలుపే.

మంచం తల వైపు ఇటుకలు పెట్టమన్నారు. పెట్టాను. మొదటి రాత్రి మా ఆవిడ జారి కాళ్ళ వైపు చేరింది. రెండో జత ఇటుకలు తెచ్చి మిషన్ స్టాండు కింద పెట్టాను, వంగకుండా కుట్టడానికి. పెడల్ కాలికి అందట్లేదు. కార్పెంటర్ని పిలిచాను, ఆదివారం వస్తానన్నాడు.